చిన్నదాని తలకు కిరసనాయిలు

చెల్లాయికి దీవెనలు. ఇక్కడ అమ్మాయి ఇంట్లో అందరం ప్రాణాలతోనే ఉన్నాం, కంగారుపడకు. ఆ కంగారంతా నేనే పడుతున్నాను.

మనవరాళ్లిద్దరి తలల్లోనూ పేలు పడ్డాయి. మన ఇంజినీరు అల్లుడుగారు నిన్న పొద్దున చిన్నదాని తలకు కిరసనాయిలు పట్టించి, తువ్వాలు చుట్టి, ఆఫీసుకు వెళ్లిపోయాడు. అమ్మాయి పొయ్యి మీద పాలు పెట్టి బట్టలు ఆరేయడానికి వెళ్లింది. నేను పేపరులోంచి తలెత్తేసరికి చిన్నది ఆ మంట పక్కనే నిలబడి పాల గిన్నెలోకి తొంగిచూస్తోంది. రెక్క పట్టి ఇవతలికి లాగాను. "తాతయ్యా, పేలు చచ్చాయా?" అంది. ఆ కిరసనాయిలుకు దాని మెడ వెనక చర్మం పొక్కింది.

సాయంత్రం అల్లుణ్ణి నిలదీశాను. "మీ పుస్తకాలేవో మీరు చూసుకోండి మామయ్యగారూ. ఆదివారం ఇంకోసారి పట్టిస్తే పీడ వదులుతుంది" అన్నాడు. అమ్మాయి నోరు మెదపలేదు. ఆ నోరు నా మీదకే లేస్తుంది. సీసా నా పెట్టెలో దాచాను, చొక్కాలన్నీ కంపు.

అక్కడ నా గది కిటికీ మూశావా? మీ ఆడపడుచుకు నా పుస్తకాలు ఇవ్వకు. పోయినసారి పట్టుకెళ్లినవే తిరిగి రాలేదు.

"అన్నయ్యకు అక్షరాలు తప్ప పిల్లల తలలో పేలు కనబడవు" అని అమ్మాయి పెళ్లిలో పదిమందినీ నవ్వించావు, గుర్తుందా? నాకుంది. నిన్న కళ్లజోడు పెట్టుకుని చిన్నదాని తలంతా వెతికాను, ఒక్క ఈరు చిక్కలేదు. నీ మాటే నెగ్గింది, సంతోషించు. నీ చెక్క పేలదువ్వెన పట్టుకుని కార్డు అందగానే బయల్దేరు. అల్లుడు ఇంకో సీసా కొనకముందే రా.