ముప్పై రెండు వేలలో ఒకటి

ప్రియమైన కేబుళ్ల మేస్త్రమ్మకు,

నువ్వు ఆ రేడియో టెలిస్కోపు మహా గిన్నె కింద తీగలు పాతడానికి వెళ్లి రెండు నెలలైంది. ఆకాశం నుంచి వచ్చే గుసగుసలు వినాలని అక్కడ ఫోన్లు నిషేధించారు, సరే. మొగుడి గుసగుస ఏం పాపం చేసిందో ఆ పెద్దమనుషుల్ని ఒకసారి అడుగు. పదో తరగతి తప్పి, ఇరవై ఏళ్లుగా బస్సులో టికెట్లు చింపుతున్న చెయ్యి ఇది. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుపో.

విషయానికొస్తాను. మొన్న భోంచేస్తూ బుడంకాయ ఒక మాట అడిగింది. "నాన్నా, మా కన్నమ్మ నన్నెత్తుకున్న ఫోటో ఒకటి ఉందట కదా, చూపిస్తావా?" అని. మనం పెంచుకున్న ఈ పదహారేళ్లలో ఇలా అడగడం ఇదే మొదలు. నీ చెల్లెలి ఫోటోలు మనింట్లో బోలెడున్నాయి గానీ, తల్లీ బిడ్డా కలిసి ఉన్నది ఆ ఒక్కటే. పిల్ల పుట్టిన రోజు వార్డులో నా పాత ఫోనుతో తీశాను. మర్నాటికి మనిషే లేదు. ఫోనూ అప్పుడే చచ్చింది. రిపేరువాడు అందులోవన్నీ డిస్కులోకి లాగి ఇచ్చాడు. ఆ తర్వాత మనిద్దరం ఆ ఫోటో మొహం చూడలేదు.

ఇప్పుడా డిస్కులో ముప్పై రెండు వేల చిల్లర ఫోటోలున్నాయి. ఒక్కదానికీ పేరు లేదు, అన్నీ అంకెలే. ఫోటోలు దాచే యాప్‌కి ఒక మొహం చూపిస్తే ఆ మొహం ఉన్నవన్నీ ఏరి ముందు పెడుతుందని పిల్ల చెప్పింది. డిస్కు మొత్తం అందులోకి ఎక్కించాం. ఆ గంట నుంచే జబ్బు మొదలైంది. యాప్ తెరుచుకుంటుంది, మూడు లెక్కపెట్టేలోపు మూసుకుంటుంది. నా ఫోనులో అంతే, పిల్ల ఫోనులో అంతే, ఇంట్లో కంప్యూటర్లో అంతే.

కస్టమర్ కేర్ కుర్రాడు యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నాడు. వేశాను, మళ్లీ పడింది. మా బస్సు ఆగిపోయినప్పుడు నేనూ ఇదే చెప్తాను బాబూ, అందరూ దిగి మళ్లీ ఎక్కండి అని, అన్నాను. వాడు నవ్వకుండా నా ఫిర్యాదు నంబరు చదివి వినిపించాడు. రిపేరు షాపువాడైతే మొత్తం తుడిచేసి కొత్తగా మొదలుపెట్టమంటాడు. వాడి బోర్డు కింద 'ఇచ్చట అన్నీ తుడవబడును' అని కాగితం అంటించి వచ్చాను.

పిల్ల రోజూ స్కూలు నుంచి రాగానే నా మొహం చూస్తోంది. ఏమీ అడగడం లేదు. అడిగినా బాగుండు. ఏం చెయ్యమంటావు?

ఇట్లు,
నీ గడ్డిబుర్ర మొగుడు


ప్రియమైన శ్రీవారికి,

ఏమీ తుడవకండి. ముందు ఆ కాగితం పీకేసి రండి.

మూడు చోట్లా ఒకేలా పడుతోందంటే తప్పు ఫోనులోనూ లేదు, కంప్యూటర్లోనూ లేదు. మీరు దానికి తినిపించిన దాంట్లో ఉంది. ఏదో ఒక ఫోటో చెడింది. దాని దగ్గరకు రాగానే యాప్ మింగలేక పడిపోతోంది.

పోయిన వారం ఇక్కడ రెండు కిలోమీటర్ల కేబుల్ మూగబోయింది. అంతా మట్టి కింద. ఈ చివర నుంచి తవ్వుకుంటూ పోతే ఎప్పటికవుతుంది? సరిగ్గా మధ్యలో ఒక గొయ్యి తీశాం. అక్కడిదాకా సంకేతం వస్తోంది, అంటే తప్పు అవతలి సగంలో ఉంది. ఆ సగానికి మళ్లీ మధ్యలో గొయ్యి. తొమ్మిది గోతులకే నాలుగు మీటర్ల ముక్కలోకి వచ్చి పడ్డాం.

మీరూ అదే చెయ్యండి. ఖాళీ ఖాతా ఒకటి తెరిచి డిస్కులో సగం ఫోటోలే ఎక్కించండి. యాప్ నిలబడితే తప్పు రెండో సగంలో ఉన్నట్టు. పడిపోతే ఈ సగంలోనే. తప్పున్న సగాన్ని మళ్లీ రెండు చెయ్యండి. పదిహేను సార్లలో ఒక్కటి మిగులుతుంది. నమ్మకపోతే బుడంకాయని పక్కన కూర్చోబెట్టుకుని కాగితం మీద వేసి చూడండి.

గిన్నె అని ఎగతాళి చేస్తున్నారు గానీ, దీని అంచున నిలబడితే అవతలి అంచున మనిషి చీమలా కనిపిస్తాడు. ఇన్నేళ్లుగా ఇది విన్నదంతా పోగేసినా, దూదిపింజ ఒకటి నేల మీద వాలినంత బలం కూడా ఉండదట. అందుకే ఇక్కడ అందరం మెల్లగా మాట్లాడతాం. మీరైతే గంట ఉండలేరు.

మీ మేస్త్రి


ప్రియమైన మేస్త్రమ్మకు,

ఓడిపోయినట్టే. పదిహేను సార్లకి దొరికితే నెల రోజులు అంట్లు నేనే తోముతానని పిల్లతో పందెం కాశాను. నువ్వొచ్చేసరికి నా చేతులు గుర్తుపట్టలేవు.

మొదటి సగం, అంటే కొత్త ఫోటోలు, ఎక్కడానికే రెండు రోజులు పట్టింది. యాప్ నిలబడింది. తప్పు పాత సగంలో ఉందన్నమాట. తర్వాత ఎనిమిది వేలు, నాలుగు వేలు, రెండు వేలు. మంచివని తేలిన కుప్ప తేలినట్టే తెరుచుకుంటుంటే, పని మానేసి చూస్తూ కూర్చున్నాం. పిల్ల పళ్లూడిన ఏడాది, గోడలన్నీ బొమ్మలు గీసి పాడుచేసిన ఏడాది, నీ జుట్టు నల్లగా ఉన్న ఏడాది. బుడంకాయ వెనక్కి వెనక్కి నడుస్తూ చిన్నదైపోతోంది.

బస్సులో టికెట్ కొనని ఒక్కణ్ణి పట్టుకోవాలంటే నేను యాభై మొహాలూ చూడాలి. ఈ లెక్కన ముప్పై రెండు వేల మందిలో ఒక్కణ్ణి పదిహేను సార్లలో పట్టేయొచ్చు. మరి లోకంలో ఉన్న జనమంతా ఒకే బస్సెక్కితేనో, అని పిల్లని అడిగాను. అది గీతలు గీసి, ముప్పై మూడు సార్లు చాలు నాన్నా, అంది. ఎనిమిది వందల కోట్ల మందిలో ఒక్క మనిషి, ముప్పై మూడు సార్లలో! ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. మధ్యమధ్య తీసి చూసుకుంటున్నాను. బడిలో ఇలాంటిది ఒక్కటి చెప్పి ఉంటే నేను గోడ దూకేవాణ్ణి కాదేమో.

పదమూడో సారికి నాలుగు మిగిలాయి. ఇక చాలనుకుంటున్నాను. అవి తప్ప మిగతావన్నీ ఎక్కించాను, యాప్ రాయిలా నిలబడింది. ఆ నాలుగూ తీసి పారేద్దాం. ఆ ఫోటో దొరకలేదని పిల్లకి చెప్తాను. డ్యూటీలు ఎక్కువయ్యాయి. ఉంటాను.

నీ భర్త


ప్రియమైన మీకు,

పెళ్లయి ఇరవై రెండేళ్లలో మీరు ఏ వేషమూ వెయ్యకుండా సంతకం పెట్టడం ఇదే మొదటిసారి.

లోకమంత జనానికి ముప్పై మూడు సార్లు చాలని మురిసిపోయిన మనిషి, ఇంకో రెండు సార్లు చెయ్యలేక ఆగారంటే, ఆ నాలుగూ ఏమిటో మీకు తెలుసు. పారెయ్యకండి. డిస్కు పార్శిల్ చెయ్యండి. ఎందుకు ఆగారో కూడా రాసి పంపండి. నాకు కోపం రాదు.

మీ భార్య


ప్రియమైన నీకు,

డిస్కు ఇందులో ఉంది. నాలుగు ఫోటోల అంకెలూ కాగితం మీద రాశాను. మూడు కంప్యూటర్లో తెరుచుకున్నాయి. వార్డు కిటికీ, ఖాళీ ఉయ్యాల, స్టూలు మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్న నువ్వు. నాలుగోది నల్లటి పలక. ఆ ఫోను చచ్చిపోతూ తీసిన చివరి ఫోటో అది. పిల్ల అడిగింది అదే.

ఆ రోజు మరదలికి ఆపరేషన్ అయి నాలుగు గంటలైంది. కడుపుతో ఉండగానే వదిలేసి పోయిన ఆ మొగుడు ఇప్పుడైనా వస్తాడేమోనని గుమ్మం వైపే చూస్తోంది. కళ్లనిండా నీళ్లు. నేను ఊరుకోలేకపోయాను. పొత్తిళ్లలో పిల్ల ముందు వంగి, డ్యూటీ గొంతు పెట్టి, "ఏమ్మాయ్, తొమ్మిది నెలలు టికెట్ లేకుండా ప్రయాణం చేశావు, జరిమానా ఎవరు కడతారు?" అన్నాను. మరదలు నవ్వింది. ఆపుకోలేక నవ్వింది. అప్పుడే ఫోటో నొక్కాను.

నర్సు పరిగెత్తుకొచ్చింది. పచ్చి కుట్లున్న మనిషిని నవ్విస్తారా, తెగితే మీరు కుడతారా, అని నన్ను బయటికి తరిమింది. తెల్లారేసరికి మరదలు పోయింది.

నన్నెవరూ ఏమీ అనలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు. నవ్వించి చంపినవాడు ఏ మొహంతో అడుగుతాడు? ఆ ఫోటో తెరిస్తే అందులో ఆ నవ్వు ఉంటుంది. అమ్మ ఎందుకు నవ్వుతోంది నాన్నా, అని పిల్ల అడుగుతుంది. అందుకే ఆగాను.


ప్రియమైన నా మనిషికి,

ముందు ఇది చదవండి. నా చెల్లి నవ్వడం వల్ల పోలేదు. కాలి నరంలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి చేరింది. డాక్టరు నన్ను వరండాలో నిలబెట్టి చెప్పాడు. కుట్లు ఒక్కటి కూడా తెగలేదన్నాడు. అప్పుడు మీరు బండి మాట్లాడటానికి వెళ్లారు. తర్వాత మీకు ఎవరో చెప్పే ఉంటారనుకున్నాను. మీరు అడగలేదు, నేను చెప్పలేదు. ఆసుపత్రి గుమ్మం తొక్కగానే మీ నోరెందుకు పడిపోతుందో ఇప్పుడు తెలిసింది. సూదంటే భయమని నలుగురిలో మిమ్మల్ని ఏడిపించాను. క్షమించండి.

ఇక ఫోటో. ఆకాశం నుంచి వచ్చే అంకెల్ని బొమ్మలుగా మార్చే ఆవిడ ఒకరు ఇక్కడ ఉన్నారు. కంప్యూటర్ల గోల గిన్నెకి వినపడకుండా కట్టిన రేకు గోడల గదిలో కూర్చుని డిస్కు చూశారు. ప్రతి ఫోటో తన పొడవూ వెడల్పూ ముందే చెప్పుకుంటుందట. ఫోను చస్తూ రాయడంతో ఆ అంకెలు తప్పాయి. అరచేతిలో పట్టే ఫోటో, తాను మూడంతస్తుల మేడ గోడంత ఉన్నానని చెప్పుకుంటోంది. యాప్ పాపం అది నమ్మి, అంత చోటు చెయ్యబోయి కూలబడుతోంది. ఆవిడ రెండు అంకెలు దిద్దారు. మీట నొక్కి, తెరను నా వైపు తిప్పారు.

చెల్లి తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని నవ్వుతోంది. ఆ నవ్వుకి ఒళ్లు కదిలి గుండెల మీదున్న పిల్ల ఉలిక్కిపడినట్టుంది. రెండు కళ్లూ తెరిచి తల్లి మొహంలోకి చూస్తోంది. నేను నిద్రలోకి జారే ముందు చూసింది చెల్లి కన్నీళ్లే. ఇన్నేళ్లూ అది ఏడుస్తూనే వెళ్లిపోయిందనుకున్నాను. ఏమండీ, అది ఏడుస్తూ వెళ్లలేదు.

ఆవిడ రోజూ కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన సంకేతాల్ని చూసే మనిషి. ఆవిడా నేనూ చాలాసేపటి వరకు మళ్లీ పని మొదలుపెట్టలేకపోయాం. అచ్చు వేయించి పంపుతున్నాను. పిల్ల అడిగితే మొత్తం చెప్పండి.

మీ
నేను


ప్రియమైన మేస్త్రమ్మకు,

కవరు అందింది. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నిన్న బస్సులో ఒక పెద్దాయన, ఏం బాబూ ఒంట్లో బాగాలేదా, అన్నాడు. బాగుంది, అన్నాను. పదహారేళ్ల తర్వాత, అని మాత్రం అనలేదు.

ఫోటో ఉన్న చిన్న కవరు నేను విప్పలేదు. పిల్ల వచ్చేదాకా బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చున్నాను. అది సంచీ కూడా దించకుండా నిలబడే విప్పింది. చూసింది. ఎంతసేపు చూసిందో తెలీదు, పొయ్యి మీద పాలు పొంగి చల్లారిపోయాయి. ఎందుకు నవ్వుతోందని అడిగింది. టికెట్ సంగతి, నర్సు సంగతి, నేను మోసిన భయం సంగతి, అన్నీ చెప్పాను. మధ్యలో నా చెయ్యి పట్టుకుంది, వదల్లేదు.

తర్వాత, "అప్పుడు కన్నమ్మకి ఎన్నేళ్లు?" అంది. ఇరవై, అన్నాను. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది.

"ఇంకో ఐదేళ్లకి నేను ఈమెకి అక్కనవుతాను నాన్నా. ఇంకో ఇరవై నాలుగేళ్లకి నాకు నలభై, ఈమె నాకు కూతురవుతుంది. అప్పుడు నేనెత్తుకుంటాను."

ఫోటోలో ఆ పసిగుడ్డు కళ్లు, నా ఎదురుగా నిలబడ్డ ఈ కళ్లు, రెండూ ఒకే మొహంలోకి చూస్తున్నాయి. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలీదు, కూర్చుని ఉండటం తప్పనిపించింది.

అది పడుకున్నాక ఆ లెక్క నేనూ వేసి చూశాను. సరిగ్గానే ఉంది.

ఇట్లు,
అంట్లు తోముతున్న నీ మొగుడు