చివరి పది నిమిషాలు

జనవరి 1, శుక్రవారం

కొత్త సంవత్సరం. కొత్త నిర్ణయం. వంద పాత సినిమాలు, వంద ఆదివారాలు. మధ్యాహ్నం రెండున్నరకు సినిమా. వచ్చే శనివారం దాని మీద చర్చ.

కారణం: నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపుకి మొన్న ఒక రిటైర్డ్ లెక్చరరు వచ్చారు. అందరూ మాస్టారు అంటారు. గోడమీది అక్షరాలు చదువుతూ చదువుతూ మధ్యలో ఆగి, "పాత సినిమాల్లో మీకేవి ఇష్టం?" అన్నారు. "అన్నీనండీ" అన్నాను. ఆయన మురిసిపోయి, లైబ్రరీలో శనివారం సాయంత్రాలు తాను నడిపే చర్చకి రమ్మన్నారు. వంద సినిమాలున్న పెన్‌డ్రైవ్ కూడా చేతిలో పెట్టారు. ఒక్కోటీ సరిగ్గా రెండు గంటలట.

ఇప్పటివరకు నేను చూసిన పాత సినిమాలు: సున్నా.

నియమాలు:
1. సరిగ్గా 2:30.
2. ఫోను బీరువాలో.
3. నోట్సు రాయాలి. (రెండొందల పేజీల పుస్తకం కొన్నాను. పెన్నులు రెండు.)
4. నిద్రపోకూడదు. ఇది రాయాల్సిన పనిలేదు. ఏదో సంఖ్య కోసం.

"పోయినేడు వ్యాయామం లెక్క రాస్తానని కొన్న పుస్తకంలో ఒక్క పేజీయే అయింది. అందులో రాయకూడదూ?" అంది మా ఆవిడ. పెద్ద పనులు తలపెట్టినవాళ్ళు ఇలాంటివి పట్టించుకోకూడదు.

జనవరి 3, ఆదివారం

సినిమా నెం. 1. లైట్‌హౌస్ కాపలాదారు కథ. నలుపు తెలుపు.

2:30 మొదలు. అద్భుతం!
2:48 నోట్సు: వెలుగు, నీడ!!
3:01 నోట్సు: సముద్రం అంటే జీవితమేమో?
3:06 నోట్సు: ఒక గీత. పేజీ చివరిదాకా వెళ్ళి కిందికి జారింది.
4:20 మొహం మీద ఎండ. మెలకువ.

ఎండ మా వీధి తలుపులోంచి. అత్తగారు రెండు రెక్కలూ బార్లా తీసి, గడపకి అవతల నిలబడ్డారు. గాలి కోసమేమో. ఆ పుణ్యాన చివరి పది నిమిషాలు చూశాను.

అత్తగారు నాలుగు నెలలుగా మా ఇంట్లోనే ఉంటున్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక సినిమా హాల్లో టార్చి వేసి సీట్లు చూపించే పని. పోయినేడు హాలు మూసేశారు. నాతో నేరుగా మాట్లాడరు. "అల్లుడుగారు కాఫీ తాగుతారేమో అడుగు" అని కూతురితో అంటారు, నేను పక్కనే ఉంటాను.

"సినిమాల గురించి అమ్మని అడగొచ్చుగా" అంది మా ఆవిడ.

సీటు చూపించడం వేరు, సినిమా చూడటం వేరు అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

జనవరి 9, శనివారం

మొదటి చర్చ. ఆరుగురం. మొదలూ చివరా ధాటిగా మాట్లాడాను. మాస్టారు ఆపి, "మధ్యలో ఆ ఉత్తరం చదివే సన్నివేశం మీకెలా అనిపించింది?" అన్నారు.

"కొన్ని మాటల్లో చెప్పలేమండీ" అన్నాను.

అందరూ తలలూపారు. మందుల షాపాయన అది రాసుకున్నాడు.

జనవరి 10, ఆదివారం

నెం. 2. ఈసారి జాగ్రత్తలు: వీపు ఆనని స్టూలు, రెండు కాఫీలు, కళ్ళకి చన్నీళ్ళు.

స్టూలు మీద కూడా నిద్రపోవచ్చని తెలిసింది.

4:20 తలుపు. ఎదురింటి కుక్క లోపలికి వచ్చింది. చివరి పది నిమిషాలు కలిసి చూశాం. దానికి నచ్చినట్టే ఉంది.

జనవరి 16, శనివారం

హీరోయిన్ అన్నయ్య పాత్ర గురించి అడిగారు. ఆమెకి అన్నయ్య ఉన్నాడని అప్పుడే తెలిసింది. "ఆ పాత్ర గురించి నేనింకా ఆలోచిస్తున్నాను" అన్నాను. తొందరపడి అభిప్రాయాలు చెప్పని మనిషి దొరకడం కష్టం అన్నారు మాస్టారు.

జనవరి 17, ఆదివారం

నెం. 3. నిలబడి చూశాను. బీరువాకి ఆనుకుని నిద్రపోయాను. గురక బీరువాలోంచి వస్తోందనుకుందట మా ఆవిడ.

4:20 తలుపు.

"మీ అమ్మగారు ప్రతిసారీ ఆ తలుపెందుకు తీస్తారు?" అన్నాను.

"అది అమ్మ డ్యూటీ. సినిమా ఇంకో పది నిమిషాలుందనగా తలుపులు తీసి బయట నిలబడాలి. లేకపోతే జనం ఒకళ్ళమీద ఒకళ్ళు పడిపోరూ?"

"ఇక్కడ జనం ఎవరు?"

"మీరే."

జనవరి 23, శనివారం

వచ్చే శనివారం చర్చ లేదు. ప్రసంగం! వక్త: నేను. అరగంట. సినిమా నెం. 4, మాస్టారికి అన్నిటికన్నా ఇష్టమైనది. నలభై మందిని పిలుస్తారట. గోడమీద కాగితం కూడా అంటించేశారు.

రేపు నిద్రపోయే ప్రశ్నే లేదు.

జనవరి 24, ఆదివారం

3:02కి నిద్రపోయాను.

నెం. 4: గడియారాలు బాగుచేసే ఒక తండ్రి. ఇద్దరు కూతుళ్ళు. ఇది మొదటి అరగంట. చివరి పది నిమిషాల్లో పెద్దకూతురు చాలా ఏళ్ళ తర్వాత ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడుతుంది. తండ్రి తలెత్తడు. "ఆ దీపం కాస్త ఇటు పట్టుకో" అంటాడు. ఆమె పట్టుకుంటుంది. అయిపోయింది. ఫిల్ము చాలలేదేమో.

సోఫాలో తల పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు, నాలుగు నెలల్లో మొదటిసారి, అత్తగారు నాతో నేరుగా మాట్లాడారు.

"అల్లుడుగారూ, మీకు కునుకు పట్టాక పెద్దమ్మాయి ఇల్లు వదిలి వెళ్ళిపోయిందండీ."

తర్వాత గంటంపావు. గోడకి ఆనుకుని నిలబడే చెప్పారు. ఒక్క మాట పొల్లుపోలేదు. తొమ్మిది పేజీలు రాసుకున్నాను.

ఈ సినిమా వాళ్ళ హాల్లో అరవై నాలుగు రోజులు, రోజుకి మూడు ఆటలు ఆడిందట. మధ్య భాగం నూట తొంభై రెండు సార్లు చూశారు. మొదటి అరగంట ఆలస్యంగా వచ్చేవాళ్ళకి సీట్లు చూపించడంతో సరి. చివరి పది నిమిషాలు తలుపు దగ్గర.

"అయితే ముగింపు?"

"ఒక్క సినిమాది కూడా తెలీదు బాబూ. బయటికొచ్చేవాళ్ళ మొహాలు చూసి అనుకునేదాన్ని. ఏడుస్తూ వస్తే ఎవరో పోయారని. నవ్వుతూ వస్తే పెళ్ళయిందని. పోట్లాడుకుంటూ వస్తే సినిమా బాగాలేదని."

"మరి ఇది?"

"ఇదే అంతుపట్టలేదు. నవ్వూ లేదు, ఏడుపూ లేదు. మెల్లిగా, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని వచ్చేవాళ్ళు. నూట తొంభై రెండు ఆటలూ అంతే. లోపల ఏం జరిగిందో చూడాలని ఉండేది."

"ఎవరినైనా అడగాల్సింది."

"టార్చి మనిషి కథ అడిగితే బాగుంటుందా?"

నేను చూశాను కదా, చెప్పనా అన్నాను. వద్దన్నారు. చూస్తేనే చూసినట్టట. మరి ఇంట్లో చూడొచ్చుగా అంటే, "తలుపెవరు తీస్తారు?" అన్నారు. నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు.

జనవరి 30, శనివారం

ప్రసంగం. నలభై మంది అన్నారు, ముప్ఫై ఏడుగురు వచ్చారు. మా ఆవిడ ముందు వరుసలో. అత్తగారు వెనక, తలుపు పక్కన.

తొమ్మిది పేజీలూ దంచేశాను. పెద్దమ్మాయి వెళ్ళిపోయాక కూడా చెల్లెలు రోజూ మూడు కంచాలే పెడుతుందనీ, తండ్రి ఒక్కసారైనా మూడోది తియ్యమనడనీ చెప్పాను.

మాస్టారు లేచి నిలబడ్డారు. "పదిసార్లు చూశాను. ఆ కంచం నా కంట పడలేదు. మీరెలా పట్టుకున్నారు?"

చెప్పొచ్చు. ఒక్క మాట. అత్తగారు అక్కడే ఉన్నారు.

"షాపులో రోజూ కళ్ళతోనే కదండీ పని" అన్నాను. చప్పట్లు.

ఇక ముగింపు గురించి మొదలుపెట్టబోతుంటే అత్తగారు లేచి రెండు తలుపులూ బార్లా తీసి బయటికి వెళ్ళిపోయారు. తలుపులు తెరుచుకునేసరికి జనం కూడా లేచారు. ముగింపు మీద నేను రాసుకున్న రెండు పేజీలూ కుర్చీలకి చదవాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక మా ఆవిడ అంది: "'మా అత్తగారు చెప్పారు' అంటే మీ సొమ్మేం పోయేది?"

సిగ్గేసింది. రాస్తుంటే ఇప్పుడూ సిగ్గేస్తోంది.

జనవరి 31, ఆదివారం

సినిమా చూడలేదు. తలనొప్పి.

ఫిబ్రవరి 7, ఆదివారం

చూడలేదు. పెన్‌డ్రైవ్ కనిపించలేదు. (బీరువాలో ఫోను పక్కనే ఉంది. వెతకలేదు.)

"అల్లుడుగారు కాఫీ తాగుతారేమో అడుగు" అని వంటింట్లోంచి వినిపించింది. మళ్ళీ మొదటికి వచ్చాం.

ఫిబ్రవరి 14, ఆదివారం

రెండున్నరకు పడుకున్నాను. నిద్ర రాలేదు. టీవీ పెడితేనే వస్తుంది కాబోలు.

4:20 తలుపు తెరుచుకోలేదు. ఇల్లంతా బోసిగా అనిపించింది. అలవాటైపోయిందని అప్పుడు తెలిసింది.

ఫిబ్రవరి 20, శనివారం

లైబ్రరీకి వెళ్ళాను. చెప్పేశాను. ఒక్క సినిమా కూడా పూర్తిగా చూడలేదు, ఆ మూడో కంచం మా అత్తగారిది అని.

మందుల షాపాయన జనవరి 9 నాడు రాసుకున్నది కొట్టేశాడు.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "నిద్ర సంగతి నాకు తెలుసు. మీ మాటల్లో మొదటి మూడు సినిమాలకీ మధ్యభాగమే లేదు. కంచం సంగతే తెలీదు. ఆవిణ్ణి తీసుకురండి."

ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. "అత్తయ్యా, తప్పయిపోయింది. అందరికీ చెప్పేసి వచ్చాను" అన్నాను.

ఆవిడ పొయ్యి వైపు తిరిగే ఉన్నారు. పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, "కాఫీ తాగుతారా?" అన్నారు. నన్నే!

ఫిబ్రవరి 21, ఆదివారం

నెం. 4. రెండోసారి.

2:25 అత్తగారి టార్చి అడిగి తీసుకున్నాను. "ఇవాళ డ్యూటీ నాది. మీరు కూర్చోండి" అన్నాను. ఒప్పుకోలేదు. తలుపు తీయడం అందరికీ చేతకాదన్నారు. రెక్కలు రెండూ ఒకేసారి తియ్యాలి, గడియ చప్పుడవకూడదు, తీశాక వెనక్కి తిరిగి తెర చూడకూడదు. అన్నీ నేర్చుకున్నాను.

2:30 ఆవిడకి సీటు చూపించాను. పట్టపగలే టార్చి వేసి. సోఫా అంచున కూర్చున్నారు. పక్కన మా ఆవిడ.

3:02 మెలకువగానే ఉన్నాను.
3:40 మూడో కంచం! నా కళ్ళతో చూశాను.
4:20 రెక్కలు రెండూ ఒకేసారి. చప్పుడు కాలేదు. గడప అవతల నిలబడ్డాను. ఎదురింటి కుక్క వచ్చి పక్కన కూర్చుంది. లోపల మాటలు వినిపిస్తున్నాయి. వెనక్కి తిరగలేదు.

"ఆ దీపం కాస్త ఇటు పట్టుకో."



4:31 అత్తగారు బయటికి వచ్చారు. మెల్లిగా. కూతురి చెయ్యి పట్టుకుని. నవ్వూ లేదు, ఏడుపూ లేదు.

ఆ ముగింపు నేను జనవరిలోనే చూశాను. ఇవాళ ఆవిడ మొహం చూశాకే అర్థమైంది. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఎలా ఉందని అడగలేదు. టార్చి మనిషి అడగకూడదు. గడప దగ్గర వెలుతురు బాగానే ఉంది, అయినా ఆవిడ అడుగుల ముందు టార్చి వేసి పట్టుకున్నాను.

ఫిబ్రవరి 28, ఆదివారం

కొత్త నిర్ణయం. మళ్ళీ మొదటినుంచి. వంద సినిమాలు, వంద ఆదివారాలు. తలుపు డ్యూటీ ఒక వారం నాది, ఒక వారం అత్తయ్యది. శనివారం చర్చలో మాట్లాడేది ఆవిడ. నేను నోట్సు మోస్తాను.

ఈసారి నిద్ర ప్రసక్తే లేదు. కొత్త పుస్తకం కూడా కొనలేదు. వ్యాయామం పుస్తకంలో రెండో పేజీ.

సినిమా నెం. 1. లైట్‌హౌస్.

2:30 మొదలు. అద్భుతం!
2:50 నోట్సు: సముద్రం అంటే జీవితమే. సందేహం లేదు.
3:05 నోట్సు: ఒక గీత.
3:06 మొహం మీద టార్చి వెలుగు.

"ఉత్తరం చదివే సీను వస్తోంది, లేవండి బాబూ" అన్నారు అత్తయ్య.