ఖాళీ సీసా

స్మోల్యాన్, జనవరి 12

నా ఎర్సీలియా పిన్నీ,

మధ్యాహ్నం రెండయింది. మంచు తోసే బండి నాలుగింటికి గానీ బయల్దేరదట. అంతవరకు ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది, అందుకే రాస్తున్నాను. నీ చెవులకి ఫోన్ వినపడదు.

ఇటలీలో నీ దగ్గర వంట నేర్చుకుని మా బల్గేరియాకి తిరిగొచ్చి ఏడాది కావస్తోంది. ఒక్క రోజు కూడా మీ ఊరు నన్ను వదల్లేదు. లేవగానే నీ మేకల గంటలు వినపడతాయనుకుంటాను, లారీల మోత వినపడుతుంది. ఇక్కడ గోడ మీంచి పళ్ళెం అందించేవాళ్ళు లేరు. అందుకే అక్టోబరులో అడవి పుట్టగొడుగులు తెచ్చి, నీలాగే ఉప్పు రాసి, వెల్లుల్లి వేసి, ఆలివ్ నూనెలో ముంచి పది సీసాలు పెట్టాను. మూత తీస్తే నీ వంటిల్లు నా ఇంట్లోకి వస్తుందని ఆశ. తీయడానికి మనసొప్పక అలాగే దాచుకున్నాను.

కొత్త సంవత్సరానికి మాత్రం ఒకటి పక్కింటి బోజిల్ తాతకిచ్చాను. "తాతా, ఇటలీలో సీసా ఖాళీగా తిరిగివ్వరు, తెలుసా?" అని ఆటపట్టించాను కూడా.

ఈ ఉదయం నా మొదటి సీసా తీశాను. మూత ఉబ్బి ఉంది. తిప్పగానే బుస్సుమంది. భయమేసి డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"నూనెలో వేసేముందు వెనిగర్‌లో మరిగించావా?" అని అడిగింది. లేదన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది. "ఎవరైనా తిన్నారా? మరిగించకపోతే లోపల విషం పుడుతుంది. ముందు చూపు రెండుగా కనబడుతుంది. రెప్పలు వాలిపోతాయి. మింగుడు పడదు. ఆఖరికి ఊపిరాడదు."

ఇంటికొచ్చి చూస్తే తాత తలుపుకి తాళం. నా గుమ్మం ముందు, పొద్దున పరుగులో నేను చూడని నా సీసా! శుభ్రంగా కడిగి, నిండా అక్రోట్లు పోసి ఉంది. అంటే అన్నీ తినేశాడన్నమాట. నేను నేర్పిన మర్యాదే నన్ను చంపుతోంది పిన్నీ. ఆయన నిన్ననే కొండమీది ఊళ్ళో కూతురింటికి వెళ్ళాడట. రాత్రి మంచుకి దారి మూసుకుపోయింది, అక్కడి ఫోన్లు మోగడం లేదు. డాక్టరమ్మా నేనూ ఆ బండి వెనకాలే కారులో వెళ్తున్నాం.

నువ్వు వెనిగర్‌లో మరిగించడం నేనెప్పుడూ చూడలేదు. పుట్టగొడుగుల రోజున నన్ను మేకపాలు పితకడానికి పంపేదానివి. వచ్చేసరికి అవి గుడ్డ మీద ఆరుతుండేవి. ఆ ఘాటు వాసనేంటంటే వైన్ పీపాలు కడిగానన్నావు. పులుపెక్కడిదంటే, "నా చేతి గుణమే పిల్లా" అని నవ్వావు.

బండి వచ్చేసింది. వెళ్తూ దీన్ని పోస్టులో పడేస్తాను. తాత కోసం దేవుణ్ణి అడుగు.

జోర్నిత్స


స్మోల్యాన్, జనవరి 15

ఎర్సీలియా పిన్నికి,

తాత బతికే ఉన్నాడు. మేం వెళ్ళేసరికి పెరట్లో కట్టెలు కొడుతున్నాడు. కారు దిగుతూనే ఆయన మొహం పట్టుకుని రెప్పలు పైకెత్తి చూశాను.

"ఏంటే, ఈ వయసులో నన్ను పెళ్ళాడతావా ఏంటి?"

"తాతా, పుట్టగొడుగులు ఎప్పుడు తిన్నావ్? ఎన్ని తిన్నావ్?"

ఆయన కూతురి వంక చూసి తల గోక్కున్నాడు. "చాలా బాగున్నాయమ్మా."

"నిజం చెప్పు తాతా! ప్రాణం మీదికొచ్చింది!"

"ఒక్కటీ తిన్లేదే. మూత తీస్తే ఒకటే కంపు. ఇటలీ వంటలింతే కాబోలనుకుని పెరట్లో గొయ్యి తీసి పాతేశా. నీ మనసు కష్టపెట్టడమెందుకని అక్రోట్లు పోశా."

మంచులోనే కూలబడి ఏడ్చాను. ఆయన మర్యాదకి ఏడ్చానో, నా అదృష్టానికి ఏడ్చానో తెలియదు. మిగిలిన సీసాలన్నీ డాక్టరమ్మ దగ్గరుండి పారేయించింది.

కానీ భయం వదల్లేదు. రొట్టెముక్క గొంతుకి అడ్డం పడితే చాలు, ఆ విషం నాకే ఎక్కిందనిపిస్తోంది. పిన్నీ, ఒక్క మాట చెప్పు. వెనిగర్ సంగతి మర్చిపోయావా, దాచావా? మర్చిపోయానంటే నమ్ముతాను. దాచి ఉంటే నువ్వు కుట్టిచ్చిన ఏప్రాన్ తిరిగి పంపేస్తాను. మళ్ళీ నీ వంట వండను.

జోర్నిత్స


కాస్తెల్‌రోవెరో, ఫిబ్రవరి 3

జోర్నిత్సా, నా పిల్లా,

దాచాను.

మా అత్త నా దగ్గర పదకొండేళ్ళు దాచింది. మా ఊళ్ళో వంటలో ఒక మెట్టు ఎవరికీ చెప్పరు, చెబితే ఇక మన గడప తొక్కరని. నేనా ఇల్లు దాటి విడిగా వండలేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. నువ్వు దాటావు. "పిన్నీ, పులుపు రావడం లేదు" అని రాస్తావు, అప్పుడు రమ్మందాం అనుకున్నాను. విషమవుతుందని నా బుర్రకి తట్టలేదు. వెనిగర్‌లో మరిగించకుండా నూనెలో పెట్టినవాళ్ళని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

నీ మొదటి ఉత్తరం అందాక రెండోది చేరడానికి ఆరు రోజులు పట్టింది. మొహం కూడా తెలియని ఆ బోజిల్ కోసం ఆరు రోజులూ చర్చిలో కొవ్వొత్తి వెలిగించాను.

మొన్న ఆదివారం ఊళ్ళో ఆడపిల్లలందరినీ పిలిచి, తలుపులు బార్లా తెరిచి, వాళ్ళ ఎదుటే వెనిగర్ మరిగించాను. మా ఆడపడుచు నాతో మాట్లాడటం మానేసింది. మానెయ్యనీ.

ఏప్రాన్ పంపాలనుకుంటే పంపు, కాదనే మొహం నాకు లేదు. దీనితో పాటు ఒక సీసా పంపుతున్నాను. ఖాళీది. ఇక్కడ ఖాళీ సీసా పంపితే ఎంత తప్పో నీకు తెలుసు. కానీ నేనేం పోసి పంపినా నువ్వు భయపడకుండా తినగలవా? అందుకే ఏమీ పోయలేదు. దీన్ని పట్టుకుని నువ్వే ఇక్కడికి రా. ఈసారి నిన్ను పాలు పితకడానికి పంపను.

నీ ఎర్సీలియా పిన్ని