ఖాళీ అయిన సూదులు

మరదలికి, బావ ఆశీస్సులు.

ఊలు టోపీ ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. "నా మనవరాలికి పళ్ళొచ్చేలోగా పంపుతారా బావా?" అని ఫోనులో దెప్పావు. ఆలస్యానికి కారణం అప్పుడు చెప్పలేకపోయాను.

నా అల్లికల సంగతి నీకు తెలుసు. బస్సులో మేజోళ్ళు, వంటింట్లో మఫ్లరు, టీవీ ముందు శాలువా. ఏదీ తెమలదు. "ముందు ఒకటి పూర్తి చెయ్యండి మహానుభావా" అనేది మీ అక్క. తను ఒకటి ముగించాకే రెండోది ముట్టుకునేది. అలాంటి మనిషి సగంలో వదిలింది ఆ నీలం స్వెటరు ఒక్కటే. తను పోయినప్పటి నుంచీ అది అలమారలో సూదులతోనే ఉంది. టోపీకి కావలసిన సన్న సూదులు అవే.

కొత్తవి కొందామని దుకాణం దాకా వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. కొంటే ఆ స్వెటరును ఇక ఎప్పటికీ బయటికి తియ్యనని తెలుసు.

పోయిన ఆదివారం కిటికీ దగ్గర కూర్చుని, తన కుట్లను ఊడిపోకుండా సూదుల మీంచి ఒక్కొక్కటిగా గట్టి దారం మీదికి ఎక్కించాను. చివర్లో ఒక కుట్టు జారింది. రెండు వరసలు కిందికి దిగిపోయింది. కొక్కెం సూదితో పట్టుకుని పైకి తెచ్చాను. తన అల్లిక ఏమీ పోలేదు. తర్వాత, ఎన్నాళ్ళకో, ఆకలేసింది.

స్వెటరు దారం మీద భద్రంగా ఉంది. దాన్ని ముగించమని మాత్రం అడగకు.

టోపీ బిగుతైతే మొహమాటపడకుండా చెప్పు. ఇంకోటి అల్లుతాను. సూదులు ఖాళీగానే ఉన్నాయి.

నీ బావ