గడ్డం బాబాయి ఆఖరి పది నిమిషాలు

బాపట్ల,
8-7-2003

ఇందుమతి వదినకు రత్నం నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా.

ఇంటికి ఫోన్ చేస్తే అన్నయ్యే ఎత్తుతాడని ఈ కార్డు మీ స్కూలుకు రాస్తున్నాను. చిన్నప్పుడు మేమిద్దరం తెనాలి వెళ్ళి కౌబాయ్ పిక్చర్లు చూసేవాళ్ళం. రేపల్లె ఆఖరి రైలు అందుకోవాలని ప్రతిసారీ ఆట వదలడానికి పది నిమిషాల ముందే లేచి పరుగెత్తేవాళ్ళం. ఆ పిక్చర్లలో హీరో పక్కన గుర్రాలకు నీళ్ళు పెడుతూ, కాఫీ కాస్తూ ఒక ముసలాయన ఉండేవాడు. పేరు తెలియక గడ్డం బాబాయి అనేవాళ్ళం. మొన్న గుంటూరులో గుండె ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్తుంటే అన్నయ్య నా చెయ్యి పట్టుకుని, "ఎన్ని తూటాలు తగిలినా గడ్డం బాబాయి పోయాడేంట్రా? నేనూ అంతే" అన్నాడు.

ఈ మధ్య టీవీలో ఆ పిక్చర్లు నాలుగు చివరిదాకా చూశాను. నాలుగింటిలోనూ ఆఖర్న ఆయన పోతాడు. హీరోకి కోపం తెప్పించడానికి పోవడమే పాపం ఆయన ఉద్యోగం. కుట్లు మానేదాకా అన్నయ్యకు ఈ సంగతి తెలియనక్కర్లేదు. తనకు బాగా ఇష్టమైన పిక్చరు ఈ ఆదివారం రెండు గంటలకు వేస్తున్నారు. ఎలాగూ చూడకుండా ఉండడు.

నా గొడుగు మీ వరండాలో మరిచిపోయాను, ఇటు ఎవరైనా వస్తుంటే పంపండి. అన్నయ్య కూరల్లో ఉప్పు తగ్గించారా? వీణకు కాలేజీలో సీటు వచ్చిందా? దానికి నా దీవెనలు.

ఆదివారం నాలుగు కావస్తుండగా మీరు టీవీ గదిలోకి వెళ్ళి, "రైలుకు టైమైందండి, లేవండి" అనండి. అలవాటు మీద లేచి వచ్చేస్తాడు.

మీ మరిది,
వెంకటరత్నం