గట్టిగా చెప్పిన ఐదు

మే 2, శుక్రవారం

ఇంట్లో వాళ్ల లెక్కలో నాకు భయమే లేదు. మగరాయుడంటుంది అమ్మ. ఈ రోజు పెద్దమ్మ వచ్చి, ఒంటరిగా ఎమ్మిగనూరు బస్సెక్కి ముక్కూమొహం తెలీని ఇండ్లల్లోకి పోతాండావు, అది గుండె కాదమ్మే, బండ అంది. అందరూ నవ్వారు. తలుపు తట్టే ముందు ప్రతిసారీ నా అరచేతులకు చెమట పడుతుందని ఎవరికి చెప్పను?

నేను ఇల్లిల్లూ తిరిగి చేస్తున్న సర్వేలో ఐదు దేశాల పిల్లలకు ఒకటే ప్రశ్నలు. ధైర్యం, ఆశ, ఇంటివాళ్లతో చనువు ఎంతున్నాయో ఒకటి నుంచి ఐదు దాకా చెప్పాలి. ఒకటంటే అస్సలు లేవని. ఇక్కడ అందరూ ఐదే అంటున్నారు. మార్కులనుకుంటున్నారు. తక్కువ చెప్తే ఫెయిల్ చేస్తావా అక్కా అని ఒక పిల్ల అడిగింది.

మే 5, సోమవారం

భువన. పదిహేనేళ్లు. తొమ్మిదో తరగతి అయిపోయింది. మగ్గం గుంటలో కూర్చుని నేస్తోంది. వాళ్ల నాయన బసవరాజు అనుమతి ఫారం మీద సంతకం పెట్టి, ఒక కాపీ జేబులో పెట్టుకుని, పక్క గదిలో పడుకున్నాడు. మగ్గం ఆపొద్దు పాపా, నేస్తానే చెప్పు, అని లోపల్నుంచి కేకేశాడు. చప్పుడు ఆగితే ఆయనకు తెలిసిపోతుంది.

ఇంట్లో నీ మాట వింటారా అన్నాను. ఐదు, అని గట్టిగా చెప్పింది. ఒక వేలు చూపింది. రాబోయే రోజుల మీద ఆశ ఉందా? ఐదు. మళ్లీ ఒకటే వేలు. ట్యాబ్‌లో ఏది నొక్కాలో తోచలేదు.

తర్వాత ఆ మగ్గం చప్పుడు చాటున, దెబ్బకొక ముక్క చొప్పున చెప్పింది. పద్దెనిమిదో తేదీ నాకు పెండ్లక్కా. మా మామతో. ముప్పై ఏండ్లు ఆయనకు. నేను చెప్పినానని తెలిస్తే సంపుతారు.

చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు.

మే 6

మా సూపర్‌వైజర్ శామ్ సార్‌తో చెప్పాను. రాసియ్యమ్మా, పైకి పంపుతా, తొందరపడొద్దు అన్నాడు. ఆ వీధిలో ఇంకా ఇరవై ఇండ్లుండాయి, పోలీసులొస్తే మనకు ఒక్క తలుపు కూడా తీయరన్నాడు. పైనుంచి జవాబు ఎప్పుడొస్తుందంటే, వస్తాది లేమ్మా అన్నాడు.

మే 8

ఆ ఇంటికి వెళ్లిన బయటి మనిషిని నేనొక్కదాన్నే. ఫిర్యాదు చేస్తే, నాతో నోరు విప్పింది భువనేనని బసవరాజుకు ఇట్టే తెలిసిపోతుంది. చేయకపోతే పద్దెనిమిదో తేదీ.

మే 11, సాయంత్రం 4

బసవరాజు ఫోన్ చేశాడు. నా నంబరు ఆయన జేబులో పెట్టుకున్న ఫారం కాపీ మీదే ఉంది. ఏమ్మా, మా పాపతో శానా సేపు కూర్చున్నావంట, ఏమేం చెప్పింది అని అడిగాడు. నవ్వుతూనే. అన్నీ ఐదులే అన్నాను. మంచిది, మంచిది అన్నాడు. మీ ఇల్లు ఓర్వకల్లు బస్టాండు పక్కనే కదా అన్నాడు.

మా ఊరేదో నేను ఆయనకు చెప్పలేదు.

మే 12

సగం తిని లేచాను. ఎండదెబ్బ అని అమ్మ మజ్జిగ కలిపి ఇచ్చింది.

మే 13

శామ్ సార్ ఫోన్ ఎత్తలేదు. మూడుసార్లు చేశాను.

మే 14

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. నా పేరు, ఊరు చెప్పాను. పిల్ల ఏమీ చెప్పలేదని, ఆ ఇంటి గూట్లో పెళ్లిపత్రిక నా కళ్లతో చూశానని చెప్పాను. నేను ఏ పత్రికా చూడలేదు. ఎవరడిగినా చూశాననే చెప్తాను.