దుబాయి నుంచి ఎన్ని గంటలు

రాజవ్వా,

మా కాక నిన్న పోయాడు. నాకు ఏడుపు రాలేదు. ఎందుకో నీకు తెలుసు.

మా అమ్మ పోయినప్పుడు నేను దుబాయిలో ఉన్నాను. తెల్లవారి ఆరింటికి విమానం ఎక్కుతున్నానని ఫోన్ చేశాను. ఇంట్లో ఉన్న, నేను దుబాయికి పోయినప్పటి పాత టికెట్టు మీద ఎక్కే టైముకూ దిగే టైముకూ మధ్య రెండున్నర గంటలే ఉన్నాయట. కాక అదే పట్టుకుని, దిగినాక ఇంటికి చేరే నాలుగు గంటలూ కలిపి లెక్కేశాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు, "అచ్చేటోడైతే ఈపాటికి సిరిసిల్లల ఉండాలె. పాడె లేపుండ్రి" అన్నాడట.

ఇంటి కోడలివి, నువ్వు పాడెకు అడ్డంగా కూర్చున్నావు. "ఆడ గడియారం మనకంటె గంటన్నర ఎనుక ఉంటది మామా. ఇమానంల నాలుగు గంటలు. ఆయన ఇంక తొవ్వల్నే ఉన్నడు."

"నువ్వేమన్న ఇమానం నడిపినవా?" అని కాక ఎగతాళి చేశాడు. అయినా నువ్వు లేవలేదు. మూడున్నరకు నేను వచ్చి అమ్మకు తలకొరివి పెట్టాను.

ఈరోజు కాక కొడుకు దుబాయి నుంచి బయలుదేరాడు. ఎంతకూ రాకపోయేసరికి ఇంటికి పెద్దవాణ్ణని అందరూ నా వైపు చూశారు. లేపండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, "ఆగుండ్రి, ఇంకో రెండు గంటలు పడ్తది" అన్నాను. అతను వచ్చి తండ్రి కాళ్లు పట్టుకున్నాడు.

"గింత సక్కగ లెక్క ఎట్ల తెలిసె పెదనాయనా, పుస్తకాలల్ల సదివినవా?" అని ఒకరు అడిగారు.

"మా రాజవ్వ చెప్పింది" అన్నాను.

నలుగురిలో నిన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. నువ్వు బతికుండగా అనాల్సిన మాట.